పడవ వచ్చిందంటే, ఏ పడవ?

వంటింటి అరల్లో ఉన్నవన్నీ కిందికి దించి, ఇవేంటి అని అడిగితే మనలో ఎవరమూ "గిన్నెలు" అని ఊరుకోం. ఇది మూకుడు, ఇది తపేలా, ఇది డేగిసా, అది గంగాళం అని వరసగా చెప్తాం. పనులు వేరు కాబట్టి పేర్లూ వేరయ్యాయి. మూకుట్లో పాలు కాచం, తపేలాలో అప్పడాలు వేయించం. "ఆ గిన్నె ఇలా అందుకో" అంటే పిల్లలు ఏదో ఒకటి తెచ్చి ఇస్తారు. "మూకుడు" అంటే మూకుడే వస్తుంది.

ఇంగ్లీషువాళ్ళు గిన్నెనీ, ఓడనీ కూడా "వెసెల్" అనే అంటారని మా అమ్మాయి పుస్తకంలో చూసి నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. రెండూ బోలుగానే ఉంటాయి, రెండూ మోస్తాయి. మన భాషలో గిన్నెలకి ఎన్ని పేర్లున్నాయో నీళ్ళ మీద తిరిగేవాటికీ అన్ని ఉన్నాయి. గిన్నెల పేర్లు మనం రోజూ వాడతాం కాబట్టి బతికే ఉన్నాయి. నీళ్ళకి దూరంగా కాపురాలు చేస్తున్నాం కాబట్టి పడవలన్నీ కలిసి ఒక్క "బోటు" అయిపోయాయి.

నేను పుట్టింది పాలమూరు వైపు, కృష్ణ ఒడ్డున. మాకు తెలిసిన పడవ ఒక్కటే. దాని పేరు పుట్టి. వెదురు బద్దలతో పెద్ద బుట్ట అల్లి, అడుగున నీళ్ళు దిగకుండా కప్పుతారు. ఒకప్పుడు తోలు కప్పేవారట. నేను చూసేనాటికి పట్టా కప్పి తారు పూస్తున్నారు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా అంటూ ఉండదు. ఒక్క తెడ్డుతో నడుపుతారు. చెయ్యి తిరిగినవాడు నడిపితే తిన్నగా పోతుంది, కొత్తవాడు నడిపితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. పంచదేవ్ పహాడ్ నుంచి కురువపురం దత్తక్షేత్రానికి వెళ్ళేవాళ్ళు పుట్టి ఎక్కే వెళ్ళేవారు. మనుషులతో పాటు మేకలూ, సైకిళ్ళూ, ఎరువు బస్తాలూ అన్నీ అందులోనే. మా అమ్మ పుట్టి ఎక్కగానే మధ్యలో కూచుని కళ్ళు మూసుకునేది. మేం పిల్లలం అంచు పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టేవాళ్ళం.

పెళ్ళయ్యాక కోనసీమ వచ్చాను. కొత్తలో ఒకరోజు మా అత్తమ్మకి చిన్నప్పటి కబుర్లు చెప్తూ, "మేం పుట్టిలో కూచుని ఏరు దాటేవాళ్ళం" అన్నాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసింది. "పుట్టిలో కూచోవడమేంటమ్మాయ్? పుట్టంటే ఇరవై తూములు కదా!" అంది. ఆవిడకి పుట్టి అంటే ధాన్యం కొలత. "పుట్టెడు ధాన్యం", "పుట్టెడు దుఃఖం" అనే పుట్టి. బుట్టలో కూచుని కృష్ణ దాటామని చెప్తే నమ్మడానికి చాలాసేపు పట్టింది. కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. "ఇది పడవ కాదు, మూత లేని గంప" అని తేల్చేసింది.

అప్పుడు ఆవిడ తన పడవలు చెప్పడం మొదలుపెట్టింది. నేను పెరిగిన చోట ఒక్క పుట్టి ఉంటే, ఆవిడ పెరిగిన లంకలో ఎన్ని రకాలో!

ఒడ్డున కట్టేసి ఉండే చిన్నది నాటు పడవ. గడ్డి మోపులు, కొబ్బరికాయలు, బడికి వెళ్ళే పిల్లలు, అందరికీ అదే. లోతు తక్కువైతే గడ వేస్తారు, లోతైతే తెడ్డు వేస్తారు. రేవులో బళ్ళనీ, కార్లనీ, వందమంది జనాన్నీ ఒకేసారి దాటించేది పంటు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అలాంటి బల్లపరుపుదే కృష్ణ మీద గుంటూరు, నల్గొండల మధ్య తిరిగితే బల్లకట్టు అంటారు. పాపికొండల మధ్య నుంచి భద్రాచలం వైపు పోయేది లాంచీ. లాంచీ నడిపేవాడు సరంగు. బస్సుకి డ్రైవరు ఎంతో లాంచీకి సరంగు అంత, కాకపోతే గౌరవం ఇంకాస్త ఎక్కువ. మా మామగారు బతికుండగా, తనకి తెలిసిన ఒక సరంగు గురించి, ఆయన నీటి రంగు చూసి ఇసుక మేట ఎక్కడుందో చెప్పేవాడని, కనీసం ఏడాదికోసారైనా చెప్పేవారు.

వీటన్నిటికంటే ఆవిడ ఇష్టంగా చెప్పేది కాలువ పడవ గురించి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించింది 1852 నాటికి పూర్తయింది. ఆ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడంతో పాటు ప్రయాణానికి దారులు కూడా అయ్యాయి. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు నడిచాయి. బియ్యం, కలప, సున్నం, పెళ్ళివారు, అందరూ ఆ దారినే. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు మనుషులు పొడుగాటి తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారు.

మా అత్తమ్మ 1966లో కాపురానికి వచ్చింది అలాంటి పడవలోనే. పైన తాటాకు గూడు, లోపల చాపలు పరిచి, సారె బుట్టలన్నీ ఒక పక్కకి సర్దారట. సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగారు. "రాత్రంతా ఏడ్చావా అత్తమ్మా?" అని అడిగాను. "ఏడుద్దామనుకున్నాను. కానీ తాడు లాగేవాళ్ళు గట్టు మీద నడుస్తుంటే వాళ్ళ అడుగుల చప్పుడు వినపడతా ఉంది. మనల్ని మోసుకుపోతా వాళ్ళు మాట్టాడకుండా నడుస్తుంటే మనం ఏడవటమేంటని సిగ్గేసింది" అంది. ఆవిడకి కాలువ పడవ అంటే ఆ చప్పుడే. ఆ మాట తీసేసి "బోటులో వచ్చాను" అంటే ఆ రాత్రి ఎక్కడుంటుంది చెప్పండి?

అప్పటినుంచి నాకు ఈ పేర్ల మీద ఆసక్తి పెరిగింది. ఏ ఊరివాళ్ళు కలిసినా అడుగుతుంటాను. కొల్లేటి వైపు మనిషి తాటిదోనె గురించి చెప్పింది. తాటిచెట్టు మొదలు నరికి, లోపలి గుజ్జంతా తొలిచేస్తే అదే దోనె. కొల్లేరు నీళ్ళు లోతుండవు, నాచూ తుంగా ఎక్కువ. అక్కడ పెద్ద పడవ కదలదు, సన్నటి దోనె అయితే పాములా దూరిపోతుంది. సంతకి వెళ్ళాలన్నా, వల వెయ్యాలన్నా దోనే. ఇంటికి సైకిలు ఉన్నట్టు ఇంటికో దోనె ఉండేదట.

విశాఖ వైపు తెప్ప. తేలికైన దుంగలు నాలుగైదు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కడతారు. దానికి లోపలంటూ లేదు కాబట్టి మునగడమూ లేదు. అల వచ్చి పైనుంచి పోతుంది, దుంగల సందుల్లోంచి నీళ్ళు కారిపోతాయి. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఎండబెడతారు, లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కిపోతాయి. తమిళంలో దీన్నే కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళ "కాటమరాన్" ఆ మాటే. ఈనాడు ఆ పేరుతో తిరిగే జంట ఓడలకీ మన దుంగలకీ పోలికే లేదు, పేరు మాత్రం మనవైపు బెస్తవాళ్ళ దగ్గరనుంచి వెళ్ళిందే.

ఇంకొకటి మసూలా పడవ. దీన్ని కుట్టేవారు! మేకు కొట్టకుండా పలకలన్నీ కొబ్బరి తాడుతో కలిపి కుట్టేవారు. మన తూర్పు తీరంలో ఒడ్డుకి దగ్గర అలలు చాలా గట్టిగా విరుగుతాయి. మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకి పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్ళీ నిలబడుతుంది. మద్రాసులో రేవు కట్టకముందు పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగితే, దొరలూ దొరసానులూ ఈ కుట్టు పడవలెక్కే ఒడ్డుకి చేరేవారు. బిగుసుకుని ఉన్నది విరిగిపోవడం, వదులు ఉన్నది నిలబడటం కాపురాల్లో మనం చూడనిదేమీ కాదు.

కాకినాడ వైపు వేటకెళ్ళేవాళ్ళకి నావ అనే మాట పాటల్లోది కాదు. పలకలు బిగించి కట్టిన వాళ్ళ చేపల పడవ పేరే నావ. ఇంజను బిగిస్తే మరపడవ. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రోజుల్లో మరపడవలన్నీ ఒడ్డున వరసగా కట్టేసి ఉంటాయి. ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా నడుస్తుందో చేపలమ్మే ఆడవాళ్ళని అడగాలి.

ఇక ఓడ. మన చేతి పడవలన్నీ ఒక ఎత్తు, ఓడ ఒక ఎత్తు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణెం మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. బర్మాలో తెలుగువాళ్ళని "కోరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవు నుంచి ఎంతమంది వెళ్ళి ఉంటారో ఊహించుకోండి. మనవాళ్ళు రంగూన్ని "రంగం" అనేవారు. కాకినాడలోనో, విశాఖలోనో స్టీమరు ఎక్కితే రంగం.

మా అత్తమ్మ మేనమామ అలా రంగం వెళ్ళాడట. ఆయన భార్య గురించి చెప్తూ అత్తమ్మ ఒక మాట అంది. "పడవెక్కాడంటే పొద్దుగూకేసరికి వస్తాడని అన్నం వండేవాళ్ళం. ఓడెక్కాడంటే ఇంక ఉత్తరం కోసం చూడటమే." 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఎన్నో వేలమంది మనవాళ్ళు అడవులూ కొండలూ పట్టుకుని నడుచుకుంటూ బయటపడ్డారు. ఆ మేనమామ కూడా వాళ్ళలో ఒకడు. ఓడలో వెళ్ళినవాడు కాలినడకన ఇంటికొచ్చాడు. గడ్డంతో, ఎముకల గూడులా వాకిట్లో నిలబడితే ఆవిడ బిచ్చగాడనుకుని లోపలికెళ్ళి గుప్పెడు బియ్యం పట్టుకొచ్చిందట. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనం సులువుగా అనేస్తాం. అది నిజంగా జరిగిన ఇళ్ళు ఉన్నాయి.

ఇవన్నీ పాత కబుర్లు, వినడానికి బావుంటాయి, అంతవరకే అని నేనూ అనుకునేదాన్నేమో, 2022 జులైలో గోదావరి పొంగకపోతే.

అప్పటికి అత్తమ్మ హైదరాబాదులో మా దగ్గరే ఉంది. మా వదిన, అంటే మావారి అక్క, పి.గన్నవరం దగ్గర లంకలో ఉంటుంది. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చింది, ఎనిమిదో నెల. భద్రాచలం దగ్గర నీళ్ళు 71 అడుగులు దాటాయి. 1986 తర్వాత అంత వరద అదే. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. వదిన వాళ్ళ ఇల్లు ఎత్తు అరుగుల మీద ఉంది కాబట్టి గుమ్మం దాకా వచ్చి నీళ్ళు ఆగాయి. తోటంతా మునిగింది, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగు అయిపోవస్తోంది.

పొద్దున్నే వదిన ఫోను చేసింది. "అమ్మా, బోటు వచ్చింది. అమ్మాయిని ఎక్కించి పంపేస్తున్నాం."

అత్తమ్మ అడిగిన మొదటి మాట, "ఏ పడవే?"

"బోటమ్మా."

"బోటంటే నాకేం తెలుస్తుందే? గడేసేదా, ఇంజనుదా?"

వచ్చింది ఇంజను పడవ. గట్టుకి నేరుగా తీసుకుపోతామంటున్నారు. అత్తమ్మ గొంతు పెంచలేదు. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి మాత్రం వణుకుతోంది. "తోటలో ఇంజను వొద్దు. కింద దడులున్నాయి, ముళ్ళకంచె ఉంది, పంకాకి తీగ చుట్టుకుంటే మధ్యలో ఆగిపోద్ది. తోట దాటేదాకా గడేసే నాటు పడవలో కూచోబెట్టు. గడ కింద ఏముందో చెప్పుద్ది. ఏటికాడికెళ్ళాక గడ అందదు, లాగు ఉంటుంది, అక్కడ ఇంజను పడవ ఉండాలి."

"మరి మధ్యలో మార్చాలి కదమ్మా?"

"శివాలయం మెట్లు పైవి తేలే ఉంటాయి. మెట్ల మీద దింపి, నిలబడ్డాక అప్పుడు రెండో దాన్లో ఎక్కించు. పడవలోంచి పడవలోకి మాత్రం అడుగెయ్యనివ్వకు."

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దనే సామెత నేను వెయ్యిసార్లు విన్నాను. అది నిండు గర్భిణి కాలి గురించి చెప్పే మాటలా వినడం అదే మొదటిసారి.

అలాగే చేశారు. నాటు పడవలో వదిన కూతురు మధ్యలో కూచుంది, వదిన వెనక పట్టుకుంది. పావుగంట పట్టే తోట దాటడానికి ముప్పావుగంట పట్టిందట. గడ రెండుసార్లు కంచెకి తగిలితే పక్కకి తప్పించుకున్నారు. ఆ ముప్పావుగంటా అత్తమ్మ దేవుడి గదిలోకి వెళ్ళలేదు, టీవీ పెట్టనివ్వలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూచుంది. 2019లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పటి నుంచి గోదారి వార్తలంటే ఆవిడకి భయం. నేను కాఫీ ఇస్తే తాగలేదు. "గట్టెక్కాం" అని ఫోను వచ్చాక ఆ చల్లారిన కాఫీయే గటగటా తాగేసింది. గట్టెక్కడం అనే మాట కూడా పడవ దిగినవాళ్ళదేనని అప్పుడు తట్టింది నాకు.

సాయంత్రం వదిన ఇంకో సంగతి చెప్పింది. ఎదురింటి ముసలాయన్ని సహాయక బృందం వాళ్ళు నారింజ రంగు రబ్బరు బోటులో తీసుకెళ్ళారట. అత్తమ్మ వెంటనే, "రబ్బరుదైతే ముల్లు గుచ్చుకోదా?" అంది. లోపల గదులు గదులుగా ఉంటుంది, ఒకటి పోయినా మిగతావాటిలో గాలి నిలబడుతుంది అని వదిన చెప్పింది. అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే అది గాలిపడవ" అంది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో అది గాలిపడవ. ఆగస్టులో పుట్టిన పాపకి ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి. స్నానాల తొట్టిలో వేసుకునే రబ్బరు బాతుని కూడా గాలిపడవ అంటుంది.

యానాం, ఎదుర్లంక మధ్య 2002లో వంతెన వచ్చాక ఆ రేవులో పంటు కోసం ఎదురుచూడక్కర్లేకపోయింది. అర్ధరాత్రి నొప్పులొస్తే సరంగుని నిద్రలేపాల్సిన పని తప్పింది. వంతెనలు రావడం ఆడవాళ్ళకి ఎంత మేలో ఆ లంకల్లో ఉన్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది. పడవలు పోయాయని బాధపడేదాన్ని కాదు నేను. అత్తమ్మా బాధపడదు. "వంతెనే బావుంది, చీర తడవదు" అంటుంది. కానీ గోదారి మాత్రం వంతెనల్ని అడిగి పొంగదు. ఆ రోజున ఇంటి వాకిట్లోకి ఏదో ఒక పడవే రావాలి. అది ఎటువంటిదో, ఏ నీళ్ళలో నడుస్తుందో, ఎందులో ఆగిపోతుందో తెలిసిన మనిషి ఇంట్లో ఒకరైనా ఉండాలి. ఆ తెలివంతా ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాటు పడవ, ఇంజను పడవ, పంటు, లాంచీ అని విడివిడిగా పిలవడంలోనే అది ఉంది.

ఒక చిన్న మాట. ఇంట్లో పెద్దావిడ ఉంటే, "మీ కాలం సంగతులు చెప్పు" అని అడక్కండి. అలా అడిగితే వాళ్ళకి ఏం చెప్పాలో తోచదు, "ఏముంటాయిలే" అనేస్తారు. "కాపురానికి ఎందులో వచ్చావు?" అని అడగండి. ఎడ్లబండా, పడవా, రైలా? పడవంటే ఏ పడవ, గడ వేసేదా, తాడు లాగేదా? నీ పక్కన ఎవరు కూచున్నారు, సారెలో ఏం పెట్టారు? తాటాకు గూడు కింద ఆ రాత్రి ఏం వినపడింది? ఒక్క పేరు పట్టుకుని లాగితే చాలు, తాడుకి కట్టిన పడవలా వెనకాల అన్నీ వస్తాయి.